వేషం మనదే, కథ ఎవరిది?

వీడియో గేమ్‌ల మాట మన పత్రికల్లో ఎప్పుడైనా వచ్చిందంటే అది ఎక్కువగా ఫిర్యాదుగానే వస్తుంది. పిల్లల చదువు పాడవుతోందని, కళ్లు దెబ్బతింటున్నాయని, మనసుల్లో హింస పెరుగుతోందని. అందులో నిజమేమీ లేదని నేననను. కానీ నవలను, సినిమాను, టీవీ సీరియల్‌ను, చివరికి వ్యాపార ప్రకటనను కూడా స్త్రీవాద దృష్టితో చదవడం నేర్చుకున్న మనం, మన ఇళ్లలో ఆడపిల్లలు అర్ధరాత్రి దాకా మేలుకుని ఆడుతున్న కథల్ని మాత్రం చదవకుండానే పక్కన పెట్టేశాం. అవీ కథలే. ఒక్కొక్కటి పూర్తి చేయడానికి యాభై గంటలు, వంద గంటలు పట్టే కథలు. ఒక నవలతో అంతసేపు గడిపే పాఠకురాళ్లు ఇవాళ ఎంతమంది ఉంటారు?

నాకు ఈ లోకం పరిచయమైంది మా అక్క కూతురి వల్ల. ఇంజనీరింగ్ చదువు కోసం వచ్చి బడంగ్‌పేట్‌లో మా ఇంట్లోనే ఉంటోంది. తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన నాకు ఆమె చెప్పిన మొదటి పాఠం ఇది: "ఇవి కాల్చుకునే ఆటలు కాదు చిన్నమ్మా, వేషం కట్టే ఆటలు." రోల్ ప్లేయింగ్ గేమ్ అనే మాటకు ఇంతకంటే మంచి తెలుగు నాకు దొరకలేదు. ఆడేవాళ్లు ఒక పాత్రలోకి దూరతారు. ఊళ్లు తిరుగుతారు, మనుషులతో మాట్లాడతారు, పోరాడతారు, కొద్దికొద్దిగా బలం పెంచుకుంటూ ఒక పెద్ద కథ చివరికి చేరతారు. వేషం మనకు కొత్తది కాదు. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా నడిచిన నేల ఇది. చిందు ఎల్లమ్మ మగవేషాలు కట్టి మెప్పించిన నేల ఇది. వేషం కట్టినవాళ్లు ఎవరు, ఆ వేషం ఏ కథలో నిలబడింది అన్నది మనం ఎప్పటినుంచో అడుగుతున్న ప్రశ్నే.

ఈ ఆటల్లో రెండు పెద్ద కుటుంబాలున్నాయి. ఒకటి పాశ్చాత్యం, ఒకటి జపనీస్. రెండింటి వేరూ ఒకటే. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తయారుచేసిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' కాగితం, పెన్సిలు, పాచికలతో బల్ల చుట్టూ కూర్చుని ఆడేది. దాని ప్రభావంతో 1981లో 'విజార్డ్రీ', 'అల్టిమా' అనే కంప్యూటర్ ఆటలు వచ్చాయి. ఆ రెంటినీ ఇష్టపడిన యూజీ హోరీ 1986లో జపాన్‌లో 'డ్రాగన్ క్వెస్ట్' చేశాడు. అక్కడినుంచి దారులు చీలాయి. పాశ్చాత్య ఆట "నువ్వెవరో నువ్వే చెప్పు" అంటుంది. ఆడో మగో, ఏ జాతో, ఏ మొహమో, మంచికి నిలబడతావో చెడుకో మనమే తేల్చుకోవాలి. జపనీస్ ఆట ఎక్కువగా "ఇదిగో, ఈమె కథ విను" అంటుంది. పాత్రకు పేరు, ఊరు, గతం ముందే ఉంటాయి. మనం ఆమె వెంట నడుస్తాం.

ఈ విభజన గీత గీసినట్టు ఉండదు. పోలెండ్‌లో తయారైన 'ది విచర్ 3' (2015)లో నాయకుడు ముందే నిర్ణయమైపోయిన మగవాడు. జపాన్‌లో తయారైన 'డార్క్ సోల్స్' (2011)లో పాత్రను మనమే మలుచుకుంటాం. 'జపనీస్ ఆర్‌పీజీ' అనే పేరే మొదట్లో తమ దేశపు రూపకర్తలకు చిన్నచూపుగా వినిపించిందని నావోకి యోషిదా 2023లో చెప్పాడు. మన స్త్రీల రచనలకు 'మహిళా సాహిత్యం' అని విడిగా అర కేటాయించినప్పుడు మనకు కలిగిన చిరాకు లాంటిదే అది. కాబట్టి వీటిని దేశాల స్వభావాలుగా కాక, కథ చెప్పే రెండు అలవాట్లుగా చూస్తున్నాను.

మామూలుగా స్త్రీవాదులమైన మనకు మొదటి అలవాటే నచ్చాలి. ఎంచుకునే హక్కు కోసమే కదా ఇన్నాళ్లూ కొట్లాడింది. ఆ హక్కు ఈ ఆటల్లోకి కూడా ఊరికే రాలేదు. 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అడ్వాన్స్‌డ్ రూపానికి 1978లో వచ్చిన ఆటగాళ్ల పుస్తకంలో బలాన్ని కొలిచే పట్టిక ఉంది. మానవ జాతి మగ యోధుడి బలం 18 దాటాక ఇంకా నూరు మెట్లు ఎక్కవచ్చు. యోధురాలు యాభయ్యో మెట్టు దగ్గర ఆగిపోవాలి. దయ్యాలు, డ్రాగన్లు, మంత్రాలు అన్నీ ఊహించుకోగలిగిన ఆ లోకం, మగవాడితో సమానమైన బలమున్న ఆడమనిషిని మాత్రం ఊహించలేకపోయింది. ఆ నియమాన్ని 1989 నాటి రెండో కూర్పులో గానీ తీసేయలేదు.

2011లో వచ్చిన 'స్కైరిమ్' నాటికి ఆ మెట్లు లేవు. ఆడమనిషిగా మొదలుపెట్టినా మగమనిషిగా మొదలుపెట్టినా బలం ఒకటే, దారులు ఒకటే. పెళ్లి చేసుకోవాలంటే మారా అనే దేవత తాయెత్తు మెళ్లో వేసుకుంటే చాలు. ఆడవాళ్లు ఆడవాళ్లను చేసుకోవచ్చు, మగవాళ్లు మగవాళ్లను చేసుకోవచ్చు. చేసుకున్న మనిషి, ఆడైనా మగైనా, రోజుకోసారి వండిపెడతారు, కొట్టు పెట్టుకుని రోజుకు వంద బంగారు నాణేలు మన చేతిలో పెడతారు. ముప్పయ్యేళ్లు ఉద్యోగమూ వంటిల్లూ రెండూ మోసినదాన్ని, ఇది చూసి పగలబడి నవ్వాను. భార్య అనే సదుపాయం ఆడవాళ్లకు కూడా దొరికిందన్నమాట!

కానీ ఆ ఆటలో నన్ను కదిలించింది పెళ్లి కాదు, నడక. మా అమ్మాయి కట్టిన వేషం ఒక యువతి. ఒక్కర్తే. రాత్రిపూట మంచుకొండల దారిలో, ఆకాశంలో పచ్చటి వెలుగుల కింద, ఎక్కడికీ తొందర లేకుండా నడుస్తుంది. తోడేళ్లు వస్తాయి, దొంగలు వస్తారు. "ఆడదానివి, ఈ వేళప్పుడు ఇక్కడేం పని" అనేవాళ్లు మాత్రం ఎదురుకారు. బడంగ్‌పేట్‌లో కూర్చుని దీన్ని చూడటానికి ఒక అర్థముంది. మా కాలనీ నుంచి శంషాబాద్ పెద్ద దూరమేమీ కాదు. 2019 నవంబరు 27 రాత్రి అక్కడి తొండుపల్లి టోల్‌గేటు దగ్గర స్కూటీ ఆపుకున్న ఒక యువ పశువైద్యురాలి మీద అత్యాచారం, హత్య జరిగాయి. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. పోలీసుల మీద పూలు చల్లిన జనాన్ని చూశాం. పోలీసుల కథనం నమ్మదగ్గది కాదని సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటపెట్టింది. ఈ మొత్తంలో మా ఇళ్లలో మిగిలింది ఒక్కటే: ఆడపిల్లలు చీకటి పడకముందే ఇల్లు చేరాలి, ఎక్కడున్నారో ఫోన్‌లో లొకేషన్ పంపుతూ ఉండాలి. దారులు మారలేదు, ఆడపిల్లల టైముపట్టీ మారింది. అలాంటి ఇంట్లో కూర్చున్న పిల్ల తెర మీద రాత్రంతా ఒక్కర్తే నడిచే ఆట ఎందుకు ఆడుతుందో నాకు ఎవరూ వివరించనక్కర్లేకపోయింది.

అయితే కొన్నాళ్లు చూశాక ఆ స్వేచ్ఛలో ఒక వెలితి కనిపించసాగింది. స్కైరిమ్‌లో ఆమె ఆడమనిషి అన్న సంగతి దారికి తెలియదు. ఊళ్లకు తెలియదు. కథకూ తెలియదు. మొదట్లో హాయిగా ఉన్నది పోనుపోను ఖాళీగా అనిపించింది. ఎవరి కూతురు? ఏం వదిలేసి వచ్చింది? ఎవరిని ధిక్కరించి వచ్చింది? జవాబుల్లేవు. అంతరిక్ష కథ 'మాస్ ఎఫెక్ట్' (2007) సంగతీ దాదాపు ఇదే. కమాండర్ షెపర్డ్‌ను ఆడమనిషిగా ఎంచుకుంటే జెన్నిఫర్ హేల్ గొంతు వినిపిస్తుంది. అద్భుతమైన గొంతు. కానీ ఆమె చెప్పే మాటలు చాలావరకు మగ షెపర్డ్ చెప్పేవే. పెట్టె మీద బొమ్మ మాత్రం ఎప్పుడూ మగవాడిదే. 2012లో మూడో భాగం వచ్చినప్పుడు గానీ అట్ట తిరగేస్తే ఆమె మొహం కనపడే ఏర్పాటు చేయలేదు. ఆడ షెపర్డ్‌తో ఆడేవాళ్లు 18 శాతమేనని ఆ సంస్థ 2011లో చెప్పింది. బొమ్మ వెయ్యకుండా ఎంతమంది ఎంచుకున్నారని లెక్కపెట్టడం మనకు తెలిసిన పద్ధతే. పుస్తకాలు వేయకుండా "రాసే ఆడవాళ్లేరీ?" అని అడగడం లాంటిదే.

అంటే ఈ సమానత్వం, వివక్షను ఎదుర్కొని సాధించింది కాదు. వివక్ష ఉన్న లోకాన్నే తీసేసి ఇచ్చింది. స్త్రీ దేహాన్ని మన చేతికిచ్చి స్త్రీ చరిత్రను బయటే ఉంచింది.

రెండో కుటుంబం వైపు వస్తే, అక్కడ చరిత్రే చరిత్ర. 1987 డిసెంబరులో సెగా తెచ్చిన 'ఫాంటసీ స్టార్'లో నాయిక ఆలిస్ అనే అమ్మాయి. అన్నను రాజ్యం చంపేస్తే కత్తి పట్టుకుని బయలుదేరుతుంది. ఆ ఆటకు రూపమిచ్చినవాళ్లలో ముఖ్యురాలు రియెకో కొడామా. జపాన్ ఆటల రంగంలో తొలితరం మహిళా రూపకర్త, 2022లో చనిపోయింది. 1994 నాటి 'ఫైనల్ ఫాంటసీ 6'లో టెర్రా అనే యువతి తల మీద ఒక కిరీటం ఉంటుంది. అది అలంకారం కాదు, ఆమె సొంత ఇచ్ఛను చంపేసే యంత్రం. దాన్ని తీసేశాక, ఇన్నాళ్లూ తన చేత ఎవరేం చేయించారో, తనకేం కావాలో ఆమె ఒక్కొక్కటిగా తెలుసుకోవాలి. కథ సగంలో లోకమంతా ధ్వంసమయ్యాక, మళ్లీ మొదలయ్యేది సెలెస్ అనే మరో స్త్రీతో, ఒక నిర్జన ద్వీపంలో. ఈ స్త్రీలకు గాయాలున్నాయి, జ్ఞాపకాలున్నాయి. లేనిది ఒక్కటే. వాళ్లు ఏం చేయాలో చెప్పే అధికారం వాళ్లకూ లేదు, మనకూ లేదు. రాసినవాళ్లు రాసిపెట్టారు.

ఈ రాసిపెట్టడం ఎంత బిగుతుగా ఉంటుందో 1992 నాటి 'డ్రాగన్ క్వెస్ట్ 5'లో చూశాను. ఇప్పుడది ఫోన్‌లోనే ఆడొచ్చు. నాయకుడు మగవాడు. చిన్నప్పుడే తండ్రి చావు చూసి, పదేళ్లు బానిసగా బతికి, బయటపడతాడు. ఒక ధనవంతుడు రెండు ఉంగరాలు తెచ్చినవాడికి కూతుర్నిస్తానంటాడు. 'పాతాళ భైరవి' చూసిన మనకు ఆ పందెం కొత్తేమీ కాదు. ఉంగరాలు తెచ్చేటప్పుడు చిన్ననాటి నేస్తం బియాంకా తోడొస్తుంది. చివరికి ధనవంతుడి కూతురు నీరానా, పేదింటి బియాంకానా అని తేల్చుకోవడానికి ఒక రాత్రి గడువిస్తారు. ఆ రాత్రి ఊరంతా తిరిగి అందరితో మాట్లాడొచ్చు. నీరా నిద్రపోతుంటుంది. బియాంకా నిద్రపట్టక మేలుకునే ఉంటుంది. ఎవరో ఒకర్ని ఎంచుకోకుండా కథ ముందుకు కదలదు. వదిలేస్తే నీరాకు ఇంకొకడితో పెళ్లవుతుంది, బియాంకా తండ్రి దగ్గరే ఉండిపోతుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అమ్మాయికి రెండు సంబంధాలు వచ్చి ఉన్నాయి. ఒకబ్బాయి అమెరికాలో, ఒకబ్బాయి ఇక్కడే గచ్చిబౌలిలో. ఎవరు నచ్చారో చెప్పమని మా అక్కా బావా రోజూ ఫోన్. ఎంచుకునే స్వేచ్ఛ ఇచ్చామనే వాళ్ల నమ్మకం. ఆమె ఫోన్ నా వైపు తిప్పి చూపించింది. "ఇందుల గూడ 'ఇప్పుడే వద్దు' అనే బటన్ లేదు చిన్నమ్మా. మా నాన్నే రాసిండేమో ఈ ఆట" అంది. నవ్వుతూనే అంది. నవ్వు ఆగాక చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

ఆ కథలోనే ఇంకొకటి ఉంది. కవల పిల్లల్ని కన్న వెంటనే భార్యను రాక్షసులు ఎత్తుకుపోతారు. వెతుక్కుంటూ వెళ్లిన భర్తా, ఆమే రాళ్లయిపోతారు. రాయైన భర్త ఎనిమిదేళ్లు ఒక ఇంటి పెరట్లో నిలబడి ఉంటాడు. అతని చుట్టూ రుతువులు మారడం మనం చూస్తాం. ఆమె ఎక్కడో రాయిగా ఏం చూసిందో మాత్రం ఆట చూపించదు. అహల్య కథ తెలిసిన మనకు ఆ మౌనం వెంటనే వినపడుతుంది.

అలా వినపడటం మీదే నా ఆలోచనంతా ఆగింది. రాసిపెట్టిన కథలో స్త్రీలకు చోటే లేదా? మన పాటలు ఉందనే చెబుతున్నాయి. 1991లో వెల్చేరు నారాయణరావు తెలుగు స్త్రీల రామాయణ పాటల మీద రాసిన వ్యాసం మీలో చాలామంది చదివే ఉంటారు. ఆ పాటల్లో కథ మారదు. రాముడు అడవికి వెళ్లక తప్పదు, సీత అగ్నిలో దూకక తప్పదు. కానీ పాడే స్త్రీలు యుద్ధం దగ్గర ఆగలేదు. కౌసల్య ప్రసవం దగ్గర ఆగారు. ఊర్మిళ నిద్ర దగ్గర ఆగారు. సీత చేత రావణుడి బొమ్మ గీయించిన శూర్పణఖ దగ్గర ఆగారు. బ్రాహ్మణ స్త్రీలు ఆగిన చోటా, పొలం పనుల్లో పాడుకున్న స్త్రీలు ఆగిన చోటా ఒకటి కాదని కూడా ఆయన చూపించారు. కథను మార్చే అధికారం లేనప్పుడు ఎక్కడ ఆగాలన్నది వాళ్ల చేతిలో ఉంది. మా అమ్మాయి డ్రాగన్ క్వెస్ట్ ఆడేటప్పుడు చేసింది అదే. పెళ్లి ముందు రాత్రి మేలుకున్న బియాంకా దగ్గర ఆమె గంటసేపు ఆగిపోయింది. అక్కడ చేయడానికి ఏమీ లేదు. ఊరికే నిలబడింది.

ఇంకో దారి వోల్గా 'విముక్త'లో చూపించారు. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన ఆ కథల్లో సీత వెళ్లి శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను కలుస్తుంది. మాట్లాడుతుంది, నేర్చుకుంటుంది, చివరికి తనకు తాను నిర్ణయం తీసుకుంటుంది. ఇక్కడ ఎంపిక ఉంది. కానీ స్కైరిమ్ ఎంపిక లాంటిది కాదు. అడవి, అగ్ని, అవమానం ఏవీ తుడిచిపెట్టకుండా, వాటన్నిటి బరువుతోనే సీత ఎంచుకుంటుంది. అందుకే ఆ ఎంపికకు విలువ. చరిత్ర లేని ఎంపిక దుకాణంలో సరుకు ఎంచుకోవడం లాంటిది. ఎంపిక లేని చరిత్ర తలరాత. మనకు కావాల్సింది ఈ రెండూ ఒకచోట కలిసే కథ.

ఆటల్లో అది అసలే జరగలేదనలేను. 2009లో వచ్చిన కెనడా ఆట 'డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్'లో పుట్టుకను కూడా మనమే ఎంచుకోవాలి. నగరపు మురికివాడలోని ఎల్ఫ్ జాతి యువతిగా మొదలుపెడితే కథ ఆమె పెళ్లిరోజున మొదలవుతుంది. ప్రభువు కొడుకు వచ్చి పెళ్లికూతుర్నీ తోటి ఆడవాళ్లనూ ఎత్తుకుపోతాడు. మగ వేషమైతే వాళ్లను విడిపించడానికి బయటినుంచి వెళ్లాలి. ఆడ వేషమైతే లోపలే బందీ. దొరల గడీల కథలు విన్న తెలంగాణ ఆడవాళ్లకు ఆ దృశ్యాన్ని వివరించనక్కర్లేదు. ఆమె పోరాడి బయటపడుతుంది, ఆమె అక్కచెల్లెళ్లలో ఒకరు బయటపడదు. ఒక స్త్రీ మీద జరిగిన అత్యాచారాన్ని మరో స్త్రీ వీరగాథకు మెట్టుగా వాడుకోవడం మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. అయినా ఆ ఒక్క అధ్యాయంలో వేషానికి జెండర్ ఉంది, కులం లాంటిది ఉంది, చేతిలో కత్తీ ఉంది.

ఈ రెండు కుటుంబాల్లోనూ ఆడవాళ్లు మొదట్నుంచీ పనిచేశారు. తొలి 'ఫైనల్ ఫాంటసీ' బొమ్మలు చుక్క చుక్కగా గీసింది కజుకో షిబుయా. బ్రెండా రొమేరో 1981లో, పదిహేనేళ్ల వయసులో, 'విజార్డ్రీ' చేసిన సంస్థలో చేరింది. అయినా 2012లో జెన్నిఫర్ హెప్లర్ అనే రచయిత్రి మీద దూషణల వరద పారింది. సంభాషణలను దాటేయగలిగినట్టే యుద్ధాలను కూడా దాటేసే వీలుంటే బాగుండునని ఆమె ఎప్పుడో అన్నదానికి. యుద్ధం దగ్గర కాక వేరేచోట ఆగుతానన్న స్త్రీ మీద కోపం, అంతే.

మన దగ్గరా ప్రయత్నాలు మొదలయ్యాయి. హైదరాబాద్‌లోని ఓగర్ హెడ్ స్టూడియో 2017లో 'అసుర' తెచ్చింది. ఓడినవాళ్ల వైపు నుంచి పురాణాన్ని చూడాలన్న కోరిక దాని పేరులోనే ఉంది. పుణెలో శ్రుతి ఘోష్ సహ వ్యవస్థాపకురాలిగా ఉన్న సంస్థ 2020లో 'రాజీ' తెచ్చింది. తమ్ముణ్ని వెతుక్కుంటూ బయలుదేరే ఒక అక్క కథ. ఇవి రెండూ ప్రధానంగా పోరాటపు ఆటలు. సంభాషణలతో, నిర్ణయాలతో, వాటి పర్యవసానాలతో నడిచే పెద్ద వేషపు ఆట తెలుగులో నేనింతవరకు చూడలేదు. దానికి కావాల్సింది సాంకేతిక నిపుణులు మాత్రమే కాదు. 2019 నాటి 'డిస్కో ఎలీజియమ్' ఎస్టోనియా నవలా రచయిత రాబర్ట్ కుర్విట్జ్ ముందుండి చేసిన ఆట. అందులో దాదాపు పదిలక్షల మాటలున్నాయి. అది రచయితల పని. ఒక ప్రశ్నకు అయిదు జవాబులు రాసి, ఆ అయిదింటికీ లోకం ఎలా తిరగబడుతుందో కూడా రాసే పని.

ఆ పని మనకు రాదా? పెళ్లిచూపుల్లో "ఇప్పుడే వద్దు" అన్న పిల్లకు తల్లి ఏమంటుంది, తండ్రి ఏమంటాడు, అవతలివాళ్లు ఏమంటారు, నెల తర్వాత ఏమవుతుంది, పదేళ్ల తర్వాత ఏమవుతుంది, ఆ శాఖోపశాఖలన్నీ మనకు కంఠతా వచ్చు. మా అమ్మాయి చదువు పూర్తయ్యాక ఆటలు తయారుచేసే చోటే పని వెతుక్కుంటానంటోంది. సంబంధాల సంగతి ఇంకా తేలలేదు. అక్కతో మాట్లాడే బాధ్యత నా మీద పెట్టింది. మాట్లాడతాను. ఆమె మాత్రం నా దగ్గర ఇంకొకటి కూడా అడిగింది: బటన్లు, దారులు, బొమ్మలు తను చూసుకుంటుందట, మాటలు నన్ను రాసిపెట్టమంది. రాస్తున్నాను.